రిటైర్ అవుతున్న నాన్నకి ఎలక్ట్రిక్ సైకిల్: చెప్పకుండా కొనాలా, అడిగి కొనాలా?

వానచినుకు:
నాన్న వచ్చే నెల రిటైర్ అవుతున్నారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన ఆఫీసుకి సైకిలు మీదే వెళ్లేవారు. నాలుగేళ్ల కిందట మోకాలి నొప్పి మొదలయ్యాక మానేశారు. ఆ సైకిలు మెట్ల కింద దుమ్ము పట్టి ఉంది, అమ్మేద్దామంటే మాత్రం ఒప్పుకోరు. నేనూ తమ్ముడూ కలిసి ఎలక్ట్రిక్ సైకిల్ ఇద్దామనుకున్నాం. స్కూటర్ కాదు, మనం తొక్కుతుంటే మోటారు సాయం చేసే రకం.

పేచీ ఎక్కడంటే, చెప్పకుండా తెచ్చి ఇంటి ముందు నిలబెడదామని నేను. ఆయన్నే తీసుకెళ్లి నచ్చింది కొందామని తమ్ముడు. అడిగితే ఏమంటారో నాకు తెలుసు: "ఈ వయసులో నాకెందుకమ్మా, దండగ." ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక ఇక కొనలేం. మీరేమంటారు?

పాతబెల్లు:
మీ తమ్ముడిదే రైటు. చొక్కా కాస్త వదులైనా వేసుకుంటారు. చెప్పు కరిస్తే రెండో రోజు ముట్టుకోరు. సైకిలు చెప్పులాంటిది.

పైగా మోకాలి నొప్పి అంటున్నారు. సీటు కిందికి ఉంటే మోకాలు బాగా వంగి దాని మీదే భారం పడుతుంది. మరీ పైకి ఉంటే ఆగినప్పుడు కాలు నేలకు అందదు. కొంతవరకు సీటు జరుపుకోవచ్చు, కానీ ఫ్రేమే పెద్దదైతే చేసేదేమీ లేదు. ఇంకోటి, వీటి బరువు సాధారణంగా 20 నుంచి 25 కిలోలు. మామూలు సైకిలు పక్కకి ఒరిగితే కాలితో ఆపుతాం. ఇది ఒరిగితే మనల్నీ తీసుకునే పడుతుంది. పెద్దవాళ్లు పడేది చాలాసార్లు ఎక్కేటప్పుడో దిగేటప్పుడో. అడ్డ కమ్మీ లేకుండా, కాలు వెనక్కి తిప్పక్కర్లేకుండా ఎక్కే ఫ్రేము చూడండి. అది ఆయనకి నచ్చుతుందా, "ఆడవాళ్ల సైకిలు" అంటారా, అదీ ఆయన్నే అడగాలి.

రెండో_గేరు:
నేను ఒప్పుకోను. మా అమ్మని మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ వద్దంది. నాలుగోసారి అడక్కుండా కొనేశాను. ఇప్పుడు నేను ఒక రౌండ్ వేసొస్తానన్నా తాళం ఇవ్వదు. పిల్లల డబ్బు ఖర్చవుతుందంటే పెద్దవాళ్లు ఏదైనా వద్దనే అంటారు. వాళ్ల "వద్దు"ని అక్షరాలా తీసుకుంటే జన్మలో ఏమీ ఇవ్వలేం. సైజు తెలియాలంటే మెట్ల కింద పాత సైకిలుందిగా, టేపు పెట్టి కొలవండి!

పాతబెల్లు:
మీ అమ్మగారికి కుదిరింది, సంతోషం. మా బాబాయికి కుదరలేదు. పిల్లలు ఆన్‌లైన్‌లో ఫొటో చూసి తెప్పించారు. గేటు దగ్గర పెడల్ మీద కాలు పెట్టి అలా తిప్పారో లేదో, బండి ఒక్కసారిగా ముందుకి లాగింది. గోడకి గుద్దుకున్నారు. మోచెయ్యి గీరుకుంది, అంతే. కానీ మళ్లీ ఎక్కలేదు. ఆ బండిని చూసినప్పుడల్లా ఇంట్లో అందరికీ ఇబ్బందే. టేపు కొలతతో ఈ లాగుడు తెలుస్తుందా?

కొలబద్ద:
ఆ లాగుడుకి కారణం చెప్తాను, ఈ మొత్తం చర్చలో పనికొచ్చేది బహుశా అదే. తొక్కుతున్నామని మోటారుకి తెలిసే పద్ధతులు రెండు. కేడెన్స్ సెన్సర్ పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే చూస్తుంది. ఎంత మెల్లగా తొక్కినా, ఎంచుకున్న స్థాయిలో సాయం వచ్చిపడుతుంది, అదీ కాస్త ఆలస్యంగా. తొక్కడం ఆపాక కూడా ఓ క్షణం లాగొచ్చు. టార్క్ సెన్సర్ అయితే కాలు ఎంత బలంగా నొక్కుతోందో కొలిచి దానికి తగ్గట్టు ఇస్తుంది. మెల్లగా తొక్కితే మెల్లగా. పాత సైకిలు అలవాటున్న మనిషికి ఇదే తేలిగ్గా చేతికొస్తుంది. రేటు ఎక్కువే. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి, తేడా తెలిసేది ఎక్కినప్పుడే.

బ్యాటరీకి కంపెనీ చెప్పే కిలోమీటర్లు నమ్మకండి. అది తక్కువ సాయంతో, చదునైన రోడ్డు మీద లెక్క. బ్యాటరీ మీద రాసుండే వోల్టులనీ ఆంపియర్ అవర్లనీ గుణించండి, అందులో ఎంత కరెంటు పడుతుందో వాట్ అవర్లలో తెలుస్తుంది. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అంటే 360 వాట్ అవర్లు. మధ్యస్థంగా సాయం తీసుకుంటే కిలోమీటరుకి 10, 12 దాకా ఖర్చవుతుంది. అంటే 30 నుంచి 36 కిలోమీటర్లు. ఎత్తులు, ఎదురుగాలి ఉంటే ఇంకా తక్కువ.

ఇంకొక సంగతి. మీరు వేరే ఊళ్లో ఉండి, అక్కడ కొని విమానంలో తీసుకెళ్దామనుకుంటే కుదరదు. ప్రయాణికుల సామానులో లిథియం బ్యాటరీకి పరిమితి 160 వాట్ అవర్లు, 100 దాటితే చాలు, ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. ఆయన ఉండేచోటే కొనండి, రిపేరుకీ అదే మేలు.

నడకే_మేలు:
అసలు మోటారెందుకు? మామూలు సైకిలు తొక్కితే కాళ్లు గట్టిపడవూ? రిటైరైన రోజున మోటారు బిగించిన సైకిలు చేతిలో పెట్టడమంటే "ఇక మీకు ఓపిక లేదు" అని చెప్పినట్టే. మా నాన్నకైతే కోపం వచ్చేది.

కొలబద్ద:
తొక్కకపోతే ఈ రకం కదలదండీ. పని తగ్గుతుంది కానీ పోదు. కొన్నిటికి థ్రాటిల్, అంటే స్కూటర్‌కి ఉండే యాక్సిలరేటర్ లాంటిది ఉంటుంది, తొక్కకుండానే పోతాయి. అది కావాలా వద్దా అన్నది చట్టాన్ని బట్టి కూడా చూసుకోవాలి. యూరోపియన్ యూనియన్‌లో మోటారు 250 వాట్లు దాటకూడదు, గంటకి 25 కిలోమీటర్ల వేగం దాటగానే సాయం ఆగిపోవాలి, అప్పుడే అది సైకిలు కింద లెక్క. అమెరికా ఫెడరల్ నిర్వచనంలో 750 వాట్ల లోపు.

వానచినుకు:
"ఓపిక లేదు" అన్న మాట గుచ్చుకుంది. నేను అటువైపు ఆలోచించలేదు. బాబాయిగారి సంగతి చదివాక భయం కూడా వేసింది. కానీ అడిగితే వద్దంటారన్నది మాత్రం అలాగే ఉంది కదా!

మూడో_అంతస్తు:
మా ఇంట్లో ఏం చేశామంటే, "నా కోసం కొంటున్నా, చూసిపెట్టు మామయ్యా" అని తీసుకెళ్లాం. మనకి కాదనుకుంటే ఎంత ధైర్యంగా తొక్కుతారో చూడండి.

అన్నట్టు, లిఫ్టు లేకపోతే బ్యాటరీ ఊడదీసే రకమే తీసుకోండి. చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు, గుమ్మానికి అడ్డంగా పెట్టొద్దు. చార్జరు దాంతో వచ్చిందే వాడాలి. బ్యాటరీతో సహా బండికి భద్రతా పరీక్ష అయిందో లేదో కాగితం అడగండి. యూఎల్ 2849, ఈఎన్ 15194 లాంటి భద్రతా ప్రమాణాల పేర్లు రాసుంటాయి.

నడకే_మేలు:
కన్నతండ్రికి అబద్ధం చెప్పి కొలతలు తీసుకోవడమా, బాగుంది.

వానచినుకు:
అబద్ధమే, ఆడేశాం. తమ్ముడు "నాకే" అన్నాడు. నాన్న వెంటనే బయల్దేరారు, బేరం తను ఆడతానని. దుకాణంలో రెండు బండ్లు తొక్కి చూశారు. మొదటిది ఎక్కి సందు చివరిదాకా వెళ్లి మొహం అదోలా పెట్టుకుని వచ్చారు. రెండోదాని మీద వెళ్లిన మనిషి పావుగంట దాకా రాలేదు. తమ్ముడు కంగారుపడి వెతకబోతుంటే బెల్లు కొట్టుకుంటూ వచ్చారు. దిగాక సీటు ఎత్తు మళ్లీ సరిచేశారు, తన కాలికి. వాడు ఆయనకన్నా అరడుగు పొడుగు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర, "ఒరేయ్, ఆ రెండోదే తీసుకో. మొదటిది మనం చెప్పకముందే ఉరుకుతోంది" అన్నారు. ఆ రెండోదానికే అడ్వాన్స్ కట్టేశాం. ఆయనకి ఇంకా తెలీదు.

రెండో_గేరు:
అంటే చెప్పకుండానే కొన్నారు. నేనన్నదే.

పాతబెల్లు:
తొక్కించి కొన్నారు. నేనన్నది అదీ.

వానచినుకు:
మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. దీనికి ఎలాంటి తాళం మంచిదో ముందు చెప్పండి.