ఐస్ హాకీ ఆటగాడు రుస్లాన్ ఫెదొటెంకో ఆట చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మంచు_కర్ర: 1979లో కీవ్‌లో పుట్టాడు. డ్రాఫ్ట్‌లో (జట్లు కుర్ర ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఏ ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా హాకీ లీగ్) జట్టూ తీసుకోలేదు. అలాంటివాడి ఖాతాలో ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పులు రెండు! 2004 ఫైనల్ యూట్యూబ్‌లో చూసి మతిపోయింది. అప్పట్లో అమెరికాలో ఉన్నవాళ్లు, ఉక్రెయిన్‌లో చదివినవాళ్లు కాస్త చెప్పండి.

టాంపా_బాబాయ్: మేం అప్పుడు ఇక్కడే ఉన్నాం. 2002లో మా టాంపా జట్టువాళ్లు డ్రాఫ్ట్‌లో నాలుగో వంతుని (పిక్) ఫిలడెల్ఫియాకి ఇచ్చి ఇతన్ని, రెండు సెకండ్ రౌండ్ పిక్‌లని తెచ్చుకున్నారు. మా ఆఫీసులో జనం తెగ తిట్టుకున్నారు. రెండేళ్లకి నోళ్లు మూతపడ్డాయి. 2004 ఫైనల్ మూడో మ్యాచ్‌లో ప్రత్యర్థి కాల్గరీ డిఫెన్స్‌మన్ రెజియర్ గుద్దితే ముఖం వెళ్లి బోర్డుకి కొట్టుకుంది. నాలుగో మ్యాచ్ ఆడలేదు. గాయం మానకుండానే మళ్లీ దిగాడు. జూన్ 7న ఏడో మ్యాచ్‌లో 2-1తో గెలిచాం, రెండు గోల్సూ ఇతనివే! మొదటిది పవర్ ప్లేలో, అంటే పెనాల్టీ వల్ల అవతలివాళ్లకి ఒక ఆటగాడు తక్కువున్నప్పుడు. మా రిచర్డ్స్ కొట్టిన షాట్‌ని గోలీ ఆపితే, వెనక్కొచ్చిన పక్‌ని లోపలికి తోసేశాడు. రెండోదానికి కష్టమంతా మా లెకవలియేదే. చుట్టుముట్టినవాళ్లని తప్పించుకుని పాస్ ఇచ్చేసరికి ఇతను గోల్ ముందు సిద్ధంగా ఉన్నాడు.

లెక్కలపిచ్చి: ఆ సీజన్ మొత్తమ్మీద కొట్టినవి 17 గోల్స్. ప్లేఆఫ్స్‌లో మాత్రం 22 మ్యాచ్‌ల్లోనే 12! అయినా ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ రిచర్డ్స్‌కే వెళ్లింది. నన్నడిగితే అన్యాయమే.

పెన్స్_అక్క: 2009లో మా పిట్స్‌బర్గ్‌తో రెండో కప్పు. తమాషా చూడండి, డెట్రాయిట్ మీద ఏడో మ్యాచ్ మళ్లీ 2-1, మళ్లీ ఒక్కడే రెండు గోల్స్. కాకపోతే ఈసారి ఆ ఒక్కడు మా జట్టులోని టాల్బట్.

మంచు_కర్ర: అక్కా, జాతకాలు చూడాల్సిందే 😀 మరి సొంతూళ్లో క్రేజ్ ఎలా ఉండేది?

కీవ్_డాక్టర్: అక్కడ ఫుట్‌బాల్ ముందు ఏదీ నిలవదు బ్రో. అదే 2004లో మా ఫుట్‌బాలర్ షెవ్‌చెంకోకి బాలన్ డోర్ అవార్డు వచ్చింది, ఇక హాకీ ఎవరికి కావాలి? మా హాస్టల్లో దొనెత్స్క్ కుర్రాడొకడు మాత్రం ఇతని పేరెత్తితే ఆగేవాడు కాదు. 2012లో ఎన్‌హెచ్‌ఎల్ లాకౌట్‌తో ఆటలు ఆగినప్పుడు ఫెదొటెంకో వచ్చి దొనెత్స్క్‌లోని దొన్‌బాస్ క్లబ్‌కి ఆడాడు, తర్వాత అక్కడే కెప్టెన్ అయ్యాడు. 2014లో గొడవలు ముదిరాక ఆ క్లబ్ ప్లేఆఫ్ మ్యాచ్‌లు స్లొవాకియాలోని బ్రాటిస్లావాకి మార్చారు. మే నెలలో ఆ క్లబ్ సొంత స్టేడియం ద్రుజ్‌బా అరీనాని తగలబెట్టారు. ఆ ఫొటోలు ఫోన్‌లో చూపించి వాడు భోజనం కూడా చెయ్యలేదు.

లెక్కలపిచ్చి: బాధాకరం. కానీ ఎన్‌హెచ్‌ఎల్‌లో మొత్తం 863 సీజన్ మ్యాచ్‌ల్లో 173 గోల్స్ అంటే స్టార్ అనలేం కదా?

టాంపా_బాబాయ్: స్టార్ అని ఎవరన్నారయ్యా? ఇక్కడి పాత అభిమానుల్ని అడిగి చూడు. సీజన్ లెక్కలు ఒక్కడూ చెప్పడు, ఏడో మ్యాచ్ మాత్రం నిమిషాలతో సహా చెబుతారు. రెజియర్ పేరు మాత్రం వాళ్ల ముందు ఎత్తకు.