మడిగెల కిరాయి మూడింతలు: బల్దియాది అన్యాయమా, ఇన్నాళ్లు కట్టిందే తక్కువా?

స్ప్లెండర్ మెకానిక్ (చర్చ మొదలుపెట్టింది):

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది పాలమూరు వైపు ఒక మున్సిపాలిటీ. ఊరి పేరు రాస్తే రేపు పొద్దున్నే ఎవరో ఒకరు షాపు ముందుకు వచ్చి నిలబడతారు కాబట్టి రాయడం లేదు. బస్టాండు వెనక మున్సిపల్ మడిగెలో, అంటే బల్దియా కిరాయికిచ్చే షాపు గదిలో, బండ్ల రిపేరు షాపు నాది. మొన్న శుక్రవారం షట్టర్‌కు నోటీసు అతికించి పోయారు. నెలకు 2,050 ఉన్న కిరాయి వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి 6,500 అట. మా వరుసలో ఇరవై రెండు మడిగెలు, అన్నింటికీ అదే కాగితం. ఇవి 1998లో వేలం వేసిన మడిగెలు. 2010 నుంచి కిరాయి పెంచింది లేదు, మళ్లీ వేలం పెట్టింది లేదు. ఇప్పుడు ఒక్కసారిగా నిద్ర లేచారు.

జనరల్ సర్వీసింగ్‌కు నేను తీసుకునేది 400. ఆయిల్ ఖర్చు వేరే. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 (కొత్త పొగ రూల్) బండ్లలో చాలావాటికి కార్బొరేటర్ లేదు, ఇంజెక్షనే. స్కానర్ లేనిదే చేయి పెట్టలేం. కొత్త బండి కొన్నవాడు నేరుగా షోరూంకే పోతాడు. నా దగ్గరికి వచ్చేవి పల్లెల నుంచి పాల క్యాన్లు మోసుకొచ్చే పాత బండ్లే. "వడ్ల పైసలు పడినంక ఇస్త తమ్మీ" అంటే కాదనలేం. ఇంకో 4,450 నేను ఎక్కడి నుంచి తేవాలి?

తొమ్మిదో వార్డు:

ఒకటి అడుగుతా, ఏమనుకోకు తమ్మీ. మీ ఎదురు లైన్లో ప్రైవేటు షట్టర్ కిరాయి ఎంత? మా ఊళ్లో బస్టాండు దగ్గర పది బై పన్నెండు గది 14 వేలకు తక్కువ దొరకదు, పైగా లక్ష అడ్వాన్స్. 6,500 అంటే పెంచాక కూడా సగం ధరే. ఏప్రిల్ 30 లోపల కడితే ఐదు శాతం తగ్గుతుందని ఇంటి పన్ను కోసం నేను ఎండలో లైన్లో నిలబడతా. మా గల్లీ మోరీ మాత్రం రెండేళ్ల నుంచి పొంగుతూనే ఉంది. ఎప్పుడు అడిగినా ఫండ్స్ లేవంటారు. ఊరందరి ఆస్తిని ఇరవై రెండు మంది సగం కంటే తక్కువకు వాడుకుంటుంటే ఫండ్స్ ఎక్కడి నుంచి వస్తాయి?

స్ప్లెండర్ మెకానిక్:

ఎదురు లైన్లో 13 వేలు ఉంది, ఒప్పుకుంటా. కానీ ఆ షట్టర్‌కు, మా షట్టర్‌కు పోలికే లేదన్నా. ఎనిమిదేళ్ల కింద నేను వచ్చినప్పుడే స్లాబు పెచ్చులు ఊడి ఇనుప చువ్వలు బయటపడి ఉన్నాయి. వానాకాలం వచ్చిందంటే ఇంజన్ దించిన బండి మీద ఫ్లెక్సీ కప్పి ఇంటికి పోతా. పోయిన ఎలక్షన్ల ఫ్లెక్సీనే, లీడర్ నవ్వు ముఖం సరిగ్గా ట్యాంక్ మీదికి వస్తుంది. కరెంటు మీటరు నుంచి లోపలి వైరింగ్ దాకా నా పైసలే. మరుగుదొడ్డి లేదు, నీళ్ల నల్లా లేదు. ప్రైవేటు రేటు కావాలంటే ప్రైవేటోళ్లు ఇచ్చినట్టు గది ఇవ్వాలి కదా?

చాయ్ బండి:

తమ్ముడి షాపులో వాన పడితే బండ్లకు వాటర్ వాషింగ్ ఫ్రీ.

మాజీ బిల్ కలెక్టర్:

నేను ఈ పని ముప్పై ఏళ్లు చేసినవాణ్ని, మీ ఊళ్లో కాదు. అసలు పద్ధతి ఏంటో చెబుతా. మున్సిపల్ మడిగె వేలంలో పాడుకుంటే లీజు మూడేళ్లు. ప్రతి మూడేళ్లకు ఉన్న కిరాయి మీద 33.33 శాతం పెంచి రెన్యువల్ చేస్తారు. అట్లా 25 ఏళ్ల దాకా నడుస్తుంది. అది దాటితే మళ్లీ బహిరంగ వేలమే. 1965 మున్సిపాలిటీల చట్టం ఉన్నప్పుడు నేను పట్టుకు తిరిగింది ఈ లెక్కే. 2019లో కొత్త మున్సిపాలిటీల చట్టం వచ్చింది, అయినా మడిగెల దగ్గర గొడవ మాత్రం పాతదే.

ఇప్పుడు పెన్ను తీయండి. 1998లో మీ వరుస కిరాయి 650 ఉండి ఉంటుంది. నాకెలా తెలుసంటారా? వెనక్కి లెక్కేశా. 650 మీద 2001లో పెంచితే 867. తర్వాత 1,156. ఆ తర్వాత 1,541. 2010లో 2,054. అంటే మీరు కడుతున్న 2,050 దగ్గరే బండి ఆగిపోయింది. ఆగకుండా నడిచి ఉంటే 2013లో 2,739, 2016లో 3,652, 2019లో 4,869, 2022లో 6,493. నోటీసులో 6,500 అన్నది గాల్లోంచి తెచ్చిన అంకె కాదు. ఎనిమిది పెంపుల్లో నాలుగు ఎగ్గొట్టి, ఆ నాలుగూ ఒక్క కాగితంలో పెట్టారు.

తప్పు ఎవరిదంటే ముందు ఆఫీసుదే అంటాను. మూడేళ్లకోసారి 500, 900 పెరిగితే మనిషి సర్దుకుంటాడు. ప్రతి పాలకవర్గం "మనం ఉన్నప్పుడు వద్దులే" అని పక్కన పెడుతూ పోయింది. పెంచమని ఫైలు పెడితే నన్నే పిలిచి తిట్టిన రోజులున్నాయి.

తొమ్మిదో వార్డు:

సార్, లెక్క అద్దంలా ఉంది. అంటే పన్నెండేళ్లకు పైగా తక్కువ కిరాయి తిన్నట్టే కదా! పాత బాకీ అడగనందుకు సంతోషపడాలి.

జిరాక్స్ అక్క:

మాది నల్గొండ జిల్లా. వేలం వేలం అని తేలిగ్గా అంటున్నారు, నేను ఆ వేలం చూశాను. 25 ఏళ్లు నిండాయని మా వరుస ఖాళీ చేయించి టెంటు వేసి పాట పెట్టారు. పాట పాడినవాళ్లలో కొందరికి అసలు వ్యాపారమే లేదు, ప్లాట్లు అమ్ముకునేవాళ్లు. నా జిరాక్స్ గదిని ఒకాయన నెలకు 19 వేలకు పాడుకున్నాడు. నేను 11 వేల దగ్గర ఆగిపోయాను, అంతకు మించి జిరాక్స్‌లో ఏం మిగులుతుంది? ఆయన మూడు నెలలు కట్టి మానేశాడు. ఏడాదిన్నర ఆ షట్టర్‌కు తాళమే. మున్సిపాలిటీకి నా 3 వేలూ పోయాయి, ఆయన 19 వేలూ రాలేదు. మార్కెట్ రేటు అనేవాళ్లు ఖాళీ షట్టర్ రేటు కూడా చెప్పాలి.

తొమ్మిదో వార్డు:

అది వేలం తప్పు కాదక్కా, డిపాజిట్ గట్టిగా పట్టుకోకపోవడం తప్పు. ఆరు నెలల కిరాయి ముందే కట్టించుకుంటే ఉత్తుత్తి పాట ఎవడు పాడతాడు?

జిరాక్స్ అక్క:

అప్పుడు పైసలున్నోడే పాడతాడు. మళ్లీ నేను బయటే.

మాజీ బిల్ కలెక్టర్:

మెకానిక్ తమ్మీ, నీ పోస్టులు రెండూ ఇంకోసారి చదివా. వేలం జరిగింది 1998లో అన్నావు, తర్వాత జరగలేదన్నావు. నువ్వు వచ్చింది ఎనిమిదేళ్ల కింద అంటున్నావు. మరి మడిగె నీ చేతికి ఎట్లా వచ్చింది? రసీదు ఎవరి పేరు మీద వస్తుంది?

(ఇక్కడ రెండు రోజులు ఎవరూ ఏమీ రాయలేదు.)

స్ప్లెండర్ మెకానిక్:

సార్ పట్టేశారు. రసీదు నా పేరు మీద లేదు. 1998లో పాడుకున్నాయన వేరే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటాడు, ఇక్కడికి దసరాకు వస్తాడు. ఆయనకు నెలకు 8,500 ఇస్తున్నా. లోపలికి వచ్చేటప్పుడు గది ఇచ్చినందుకు పగిడి అని లక్షన్నర ఇచ్చా, కాగితం లేదు. మున్సిపాలిటీకి 2,050 ఆయనే కట్టుకుంటాడు. మా వరుసలో పాట పాడినవాళ్లే కూర్చున్న మడిగెలు నాకు తెలిసి నాలుగో ఐదో. ముందే చెప్పనందుకు తిట్టండి, కానీ రాయడానికి భయమేసింది.

తొమ్మిదో వార్డు:

తిట్టను. నేనే పొరపాటు పడ్డా. నువ్వు తక్కువ కిరాయి తింటున్నావనుకున్నా, తినేది ఇంకొకరు. నీ చేతి నుంచి 8,500 పోతుంటే ఊరికి ముట్టేది 2,050. మధ్యలో 6,450 ఏ పనీ చేయని మనిషి జేబులోకి. మా మోరీ పైసలు అవే.

అయితే నా మాట ఇంకా గట్టిపడింది. కిరాయి పెంచాల్సిందే. 6,500 కాదు, 8,500 చేయాలి. అప్పుడు ఆయనకు మిగిలేది సున్నా, తనంతట తానే వదులుకుంటాడు.

మడిగెదారు కొడుకు:

అందరూ మమ్మల్ని దొంగల్ని చేసేశారు కాబట్టి రాస్తున్నా. ఊరు వేరు, కథ ఒకటే. మా నాయన 1996లో 55 వేలు గుడ్‌విల్ కట్టి మడిగె పాడుకున్నాడు. అప్పుడు తులం బంగారం 5 వేల చిల్లర. అంటే పది తులాలకు పైనే. మా అమ్మ పుస్తెల తాడు తప్ప అన్నీ పోయాయి. అప్పుడు ఆ బస్టాండు వెనక ముళ్ల పొదలు, మధ్యాహ్నం పూట మనిషి కనిపించేవాడు కాదు. ఇరవై ఏళ్లు అక్కడే పంచర్లు వేశాడు. ఇప్పుడు మోకాళ్లు పని చేయక గది ఇంకొకరికి ఇచ్చి ఆ పైసలతో మందులు కొనుక్కుంటున్నాడు. మున్సిపాలిటీ పింఛను ఇస్తుందా?

జిరాక్స్ అక్క:

మీ నాయన గురించి చదివితే బాధేసింది తమ్ముడూ. కానీ గది మాత్రం మీది కాదు కదా. చేయలేనప్పుడు వాపస్ ఇచ్చేస్తే నాలాంటిది ఒకతి వచ్చి కూర్చుంటుంది.

మడిగెదారు కొడుకు:

వాపస్ ఇస్తే గుడ్‌విల్ ఇస్తారా అక్కా? అది తిరిగి రాదు.

మాజీ బిల్ కలెక్టర్:

అక్కడే ఉంది ముడి. సబ్‌లీజు, అంటే పాడుకున్నాయన గదిని ఇంకొకరికి కిరాయికివ్వడం, బయటపడితే లీజు రద్దు చేయవచ్చు, షరతుల్లో ఉంటుంది. కానీ రద్దు చేస్తే ఖాళీ చేయాల్సింది ఎవరు? హైదరాబాద్‌లో ఉన్నాయన కాదు, లోపల పాన పట్టుకున్న ఈ అబ్బాయి. అందుకే ఫిర్యాదు ఎవరూ ఇవ్వరు. మేం సర్వేకు పోతే "నేను ఆయన తమ్ముణ్ని", "బావమరిదిని" అని చెప్పేవారు. ఒక వరుసలో ఒకాయనకు పదకొండు మంది బావమరుదులు తేలారు.

తొమ్మిదో వార్డు గారూ, 8,500 చేస్తే ఆయన వదులుకుంటాడన్నారు. వదులుకోడు, పైన ఇంకో 4 వేలు వేసి ఇతనికే చుడతాడు. ఎదురు లైన్లో 13 వేలు ఉన్నంతకాలం ఇతనికి వేరే దారి లేదని ఆయనకు తెలుసు.

నన్నడిగితే కిరాయి పెంచే ముందు ఒక్క రోజు షట్టర్ తీసే వేళకు పోయి, తాళం చెవి ఎవరి చేతిలో ఉందో రాసుకోవాలి. పని చేస్తున్న మనిషి పేరు మీదికి లీజు మార్చి, ఆ రోజు నుంచి 6,500 కాదు 7,500 అడిగినా ఇతనికి వెయ్యి మిగులుతుంది. ఊరికి ఐదు వేల పైన ఎక్కువ వస్తుంది. కొత్త చట్టంలో మొక్కలకు బడ్జెట్‌లో పది శాతం రాసిపెట్టినట్టు, ఆ కిరాయిలో కొంత స్లాబు రిపేరుకు రాసిపెట్టాలి. వేలం లేకుండా పేరు మార్చడం కుదరదని ఆడిట్ అభ్యంతరం పెడుతుంది, తెలుసు. అయినా అడగాలి.

తొమ్మిదో వార్డు:

వేలం లేకుండా ఇస్తే రేపు ప్రతివాడూ సబ్‌లీజులో దూరి మడిగె నాదంటాడు సార్. దీనికి మాత్రం నేను ఒప్పుకోను. కావాలంటే వేలంలో, లోపల పని చేసేవాళ్లకు పైపాట రేటుకే తీసుకునే మొదటి అవకాశం ఇవ్వండి.

జిరాక్స్ అక్క:

19 వేల పాటకా?

స్ప్లెండర్ మెకానిక్:

నిన్న రాత్రి హైదరాబాద్ నుంచి ఫోన్. వచ్చే నెల నుంచి 13 వేలు పంపమన్నాడు. నోటీసులో పెరిగింది 4,450 కదా, నాకు 4,500 ఎందుకని అడిగా. ఆఫీసుకు పోయి కట్టడానికి మనిషిని పంపాలి కదా, పెట్రోల్ ఖర్చు అన్నాడు.

సోమవారం ప్రజావాణిలో, ఆఫీసర్లు అర్జీలు తీసుకునే దగ్గర, ఇద్దామని అర్జీ రాసుకున్నా. బిల్ కలెక్టర్ సార్ చెప్పినట్టే, పెంచిన కిరాయి నేరుగా నేనే కడతా, నా పేరు మీద రసీదు ఇవ్వండి అని. అంతా రాసి సంతకం దగ్గర ఆగిపోయా. కాగితం రెండు రోజుల నుంచి టూల్ బాక్స్ కింద ఉంది, ఒక మూలకు గ్రీజు కూడా అంటింది.