రిపేరు, మరమ్మతు, బాగుచేయడం: షెడ్డు బోర్డు మీద ఏ మాట రాయాలి?

రావులపాలెం నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం అండి. మా మేనల్లుడు పంపుసెట్లు, ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు చూసే షెడ్డు పెడుతున్నాడు. బోర్డు రాసే ఆయన "ఇచ్చట అన్ని రకముల మోటార్లు రిపేరు చేయబడును" అని రాసి చూపించాడు. మావాడికి బోర్డు మంచి తెలుగులో ఉండాలని కోరిక. "మరమ్మతులు చేయబడును" అంటే నయమా? "బాగుచేయబడును" అంటే మరీ ఇంట్లో మాటలా ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మండపేట నుంచి:

రిపేరు అనే ఉంచెయ్యండి. మిల్లు దగ్గర, పొలం దగ్గర, బజార్లో అందరూ అనేది అదే. మరమ్మతు పేపర్లో కనబడే మాట, నోటితో ఎవరంటున్నారు? బోర్డు చదివేవాడు ఆగి ఆలోచించకూడదు.

అమలాపురం నుంచి:

ఈ పని చేసేవాణ్ణి కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నాను. మండపేట వారు చెప్పింది నిజమే, రిపేరు అంటే తెలియనివారు లేరు. కానీ మన నోట్లో పడ్డాక ఆ మాటకి ఏమైందో చూడండి. "మోటారు రిపేరొచ్చింది" అంటే చెడిపోయిందని. "మోటారు రిపేరు చేయించాను" అంటే సరిచేయించానని. చెడటానికీ అదే మాట, సరిచేయడానికీ అదే. మరమ్మతు కూడా ఆ దారిలోనే నడిచింది. "మరమ్మతుకు గురైన చేతిపంపులు" అని పత్రికల్లో చదువుతుంటాం. నేను దీన్ని తప్పు పట్టడం లేదు, వాడుకలో మాటలు ఇలాగే తిరుగుతాయి. నా బాధ వేరే ఉంది. ఈ రెండు మాటల్లోనూ పని ఎక్కడికి చేరాలన్నది లేదు.

"రిపేరు చేశాడు గానీ బాగవలేదండి" అని మా షెడ్డుకి వచ్చే రైతులు రోజూ అంటారు. అందులో వినేవాడికి ఏ వింతా ఉండదు. ఇప్పుడు "బాగుచేశాడు గానీ బాగవలేదు" అని ఒకసారి అని చూడండి. నోరు ఒప్పుకోదు. రిపేరు అంటే విప్పి, ఏదో చేసి, బిగించి, డబ్బులు తీసుకోవడం కూడా కావచ్చు. బాగుచేశాను అన్నవాడు మాత్రం వస్తువు బాగైందని మాట ఇస్తున్నాడు. అందుకే ఆ మాటంటే నాకు గౌరవం, కొంచెం భయం కూడా.

ఇంట్లో మాటలా ఉంటుందా అని అడిగారు. అవును, ఇంట్లో మాటే, దాని బలం అక్కడే ఉంది. బియ్యం బాగుచేస్తాం. గోంగూర బాగుచేస్తాం. చేపలు బాగుచేస్తాం. కంపలు పెరిగిన పొలాన్ని కొట్టించి బాగుచేస్తాం. వీటన్నిటిలో కొత్తగా చేర్చేది ఏమీ లేదు, ఉండకూడనిదాన్ని ఓపిగ్గా ఏరి తీసేయడమే. మా పనిలో సగం అదే. డీజిలింజను స్టార్టు కావడం లేదని తీసుకొస్తారు. చాలాసార్లు ఏ సామానూ పోయి ఉండదు. ఫిల్టర్లో మడ్డి, ట్యాంకు అడుగున నీళ్లు, నాజిల్‌కి మసి. లేదా డీజిలు పైపులో గాలి పట్టి ఉంటుంది. అప్పుడు పంపు దగ్గరున్న చిన్న స్క్రూ వదులుచేసి, చేత్తో డీజిలు కొడుతూ, బుడగలు ఆగి నూనె ధార ఒకేలా వచ్చేదాకా ఉండి బిగించాలి. రెండు బుడగలు మిగిలి ఉండగా బిగించేస్తే ఇంజను అందుకుంటుంది, కాసేపటికి మళ్లీ ఆగుతుంది. అప్పటికి రైతు చేలో ఉంటాడు.

బాగు అంటే చూడ్డానికి బాగుండటం కాదని నాకు నేర్పింది పంపు గ్లాండు. షాఫ్టు బయటికొచ్చే చోట గ్లాండు తాడు చుట్టి, పైన నట్లు బిగిస్తాం. అక్కడినుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతూ ఉండాలి. ఆ చుక్కలే తాడుని, షాఫ్టుని చల్లగా, తడిగా ఉంచుతాయి. ఒక్క చుక్క కూడా కారకుండా బిగించేస్తే చూసినవాడు ముచ్చటపడతాడు, "భలే బిగించావయ్యా" అంటాడు. లోపల తాడు మాడుతుంది, షాఫ్టు మీద గాడి పడుతుంది. కారడం ఆగాలని పట్టుబట్టే రైతు పక్కన కూర్చుని, ఎన్ని చుక్కలు కారాలో, ఎందుకు కారాలో చెప్పి పంపడం కూడా పనిలో భాగమే అనుకుంటాను.

బేరింగు సంగతీ అంతే. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు దెబ్బ లోపలి రింగు మీద పడాలి. బయటి రింగు మీద సుత్తితో కొడితే ఎక్కుతుంది, కానీ ఆ దెబ్బ గుండ్ల మీదుగా వెళ్లి దారిలో సన్నటి సొట్టలు పెడుతుంది. ఆ రోజు ఏమీ తెలియదు. కొన్నాళ్లకి కూత మొదలవుతుంది. గ్రీజు ఎక్కువ కూరినా బేరింగు వేడెక్కుతుంది. ఇంజను హెడ్డు బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి, ఎదురెదురుగా, విడతలు విడతలుగా బిగించాలి. ఒక మూల నుంచి వరసగా బిగించుకుంటూ పోతే పని తొందరగా అవుతుంది, గ్యాస్కెట్ సమంగా కూర్చోదు. ఇవన్నీ మూత వేశాక ఎవరికీ కనబడవు. పనివాడికొక్కడికే తెలుస్తాయి.

ఇక బోర్డు. "చేయబడును" వద్దు. ఎవరు చేస్తారో ఆ మాటలో లేదు. కుర్రాడి పేరు పెద్దక్షరాల్లో రాసి, కింద "మోటార్లు, ఇంజన్లు, పంపులు బాగుచేస్తాం" అని రాయించండి. చదివినవాడు ఆగాల్సిన పనీ ఉండదు.

ధవళేశ్వరం నుంచి:

అమలాపురం వారి మాట బాగుంది, కానీ మరమ్మతుని అంత తేలిగ్గా తీసెయ్యకండి. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఆ మాట మీద కొంచెం ప్రేమ ఉంది. ముందుగా ఒక సంగతి: మర అంటే యంత్రం కదా, దాంట్లోంచే మరమ్మతు వచ్చిందని కొందరు చెబుతారు. పిండిమర, నూనెమర, మరపడవ, మరమేకు వీటిలో ఉన్న మర వేరు. మరమ్మతు అరబ్బీ మాట, ఉర్దూ ద్వారా మనకొచ్చింది. పాత మద్రాసు ప్రెసిడెన్సీలో చెరువులు, కాలువల పనులకు మరామత్తు అనే పేరుండేది. ఊళ్లోవాళ్లు కలిసి కాలువలు, చెరువులు బాగుచేసుకునే పద్ధతి కుడిమరామత్తు. గట్లు తెగే ప్రమాదం ఉన్నప్పుడు ఊరివాళ్లు పనికి రావాలని 1858లో చట్టమే చేశారు. మలయాళంలో ఈరోజుకీ ప్రభుత్వ పనుల శాఖ పేరు పొదుమరామత్తు.

మన డెల్టా మొత్తం మరమ్మతు మీదే నిలబడిందండి. కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ముగిసిందని పుస్తకాల్లో రాస్తారు గానీ, అప్పటినుంచి ఏటా ఏదో ఒకటి సరిచేస్తూనే ఉన్నారు. ఇప్పుడున్న బ్యారేజికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లు. దాళ్వా (రెండో పంట వరి) అయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆ కొద్దిరోజుల్లోనే పూడిక, లాకులు, తూముల షట్టర్లు అన్నీ చూసుకోవాలి. జూన్‌లో నీళ్లు వదిలాక చెయ్యి పెట్టడానికి ఉండదు. షట్టరు స్క్రూకి గ్రీజు పెట్టే లస్కరు (కాలువ కాపలా చూసే కింది ఉద్యోగి) పేరు ఏ శిలాఫలకం మీదా ఉండదు. అతను ఆ ఏడు అశ్రద్ధ చేస్తే మాత్రం శివారు రైతుకి వెంటనే తెలుస్తుంది. కాబట్టి చెడిపోయాక చేసేదే కాదు, చెడకుండా ఏటా చేసేది కూడా మరమ్మతే. ఆ అర్థం బాగుచేయడంలో ఉందా?

అమలాపురం నుంచి:

లేదండి, ఒప్పుకుంటాను. చెడనిదాన్ని బాగుచేశాను అనలేం. దానికి మనకి "బాగోగులు చూడటం" ఉంది, మనుషులకీ పశువులకీ అంటాం. మోటారు బాగోగులు అని కూడా అనొచ్చు, నేను అంటాను. మీరు చెప్పిన కుడిమరామత్తు సంగతి నాకు తెలియదు. మాట వెనక ఇంత ఉన్నందుకు సంతోషంగా ఉంది.

భీమవరం నుంచి:

గురువుగారూ, మా దగ్గర రొయ్యల చెరువులు. అర్ధరాత్రి ఏరియేటరు (నీళ్లని చిలికి గాలి కలిపే మోటారు) ఆగిపోతే మీరు చెప్పిన బాగుచేయడానికి టైముండదు. చీకటి పడ్డాక చెరువులో ఆక్సిజన్ తగ్గుకుంటూ పోతుంది, తెల్లవారుజాముకి మరీ పడిపోతుంది. రొయ్యలు పైకి తేలడం మొదలైతే ఆ టెన్షన్ చెప్పలేం. అప్పుడు వచ్చి, పాత బేరింగో, అతుకు వైరో వేసి ఎలాగోలా తిప్పేవాడే మాకు దేవుడు. అతన్ని తక్కువచేసినట్టు అనిపించింది, అందుకే రాస్తున్నాను.

అమలాపురం నుంచి:

తక్కువచేయను, చేయకూడదు కూడా. ఆ పనికీ మనకి ఒక మంచి మాట ఉంది: ఆడించడం. ధాన్యం ఆడించాం, పిండి ఆడించాం, మర ఆడుతోంది అంటాం. రాత్రివేళ వచ్చి ఆడించడం గొప్ప నేర్పు. చేతిలో ఏముందో దానితోనే, టార్చిలైటు వెలుగులో చేయాలి. నేను కోరేది ఒక్కటే. ఆడించినవాడు ఆడించానని చెప్పాలి. "ఇప్పటికి ఆడించానండి, పట్టుబడి అయ్యాక దింపి తీసుకురండి, బాగుచేస్తాను" అని చెప్పే మెకానిక్కుని వదులుకోకండి. ఆడించి, బాగుచేశానని చెప్పి, బాగుచేసిన డబ్బు తీసుకునేవాడి దగ్గరే గొడవ. మోటారు వైండింగ్‌లో ఇది మరీ ఎక్కువ. కాలిపోయిన కాయిలు కోసి తీసే ముందు చుట్లు లెక్కపెట్టి, వైరు గేజి కొలిచి, కనెక్షను బొమ్మ గీసుకోవాలి. కొత్తది చుట్టాక వార్నిషులో ముంచి బాగా ఆరనివ్వాలి. సన్నవైరు వేసినా, వార్నిషు ఆరకపోయినా మోటారు ఆ పూట ఆడుతుంది. అసలు ఎందుకు కాలిందో కూడా చూడాలి. మూడు ఫేజుల్లో ఒకటి పోయి కాలిందనుకోండి, స్టార్టరు చూడకుండా వైండింగ్ ఒక్కటే చేసి పంపితే అది మళ్లీ మా గుమ్మం ఎక్కుతుంది.

రాజోలు నుంచి:

పనివాణ్ణి మెచ్చుకునే మాటలు కూడా చెప్పుకుందాం. చేయి తిరిగినవాడు అంటే నేర్పరి. చేతివాటం ఉన్నవాడు అంటే మాత్రం దొంగ, కొత్తగా రాసేవాళ్లు ఈ రెండూ కలిపేస్తున్నారు. హస్తవాసి డాక్టర్లకి అంటారు గానీ మా వైపు మెకానిక్కులకీ అనడం విన్నాను. "పనిమంతుడు పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిపోయింది" అనే సామెతలో పనిమంతుడు వెక్కిరింపు అయిపోయాడు, పాపం మంచి మాట. మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చింది, ఇప్పుడది మనదే.

అమలాపురం నుంచి:

పనితనం కూడా చేర్చండి. "పనితనం ఉంది" అంటే ఎంతసేపు చేశాడన్నది కాదు, చేసినచోట వేలుపెట్టి చూస్తే తెలిసేది. ఇనుముకి పట్టేది తుప్పు, ఇత్తడికి, రాగికి పట్టేది చిలుము అని వేరుగా పేర్లు పెట్టుకున్న భాష మనది. సముద్రం దగ్గర ఉప్పుగాలిలో పనిచేసేవాళ్లకి రెండూ రోజూ కనబడతాయి. మా కుర్రాళ్లు రెండిటినీ రస్టు అనేస్తుంటే ఆపి చెబుతుంటాను, ఎందుకంటే రెండిటినీ వదిలించే తీరు వేరు.

నరసాపురం నుంచి:

మా రేవులో పంటు (జనాన్ని, బళ్లని ఏరు దాటించే పడవ) ఇంజను చూసే ఆయన శబ్దం విని చెప్పేవారు. మిస్ కొడుతోంది, ఎత్తుకోవట్లేదు, గాలి పట్టింది, పట్టేసింది, బోరుకొచ్చింది. ఇవి నిఘంటువుల్లో ఉన్నాయా? పట్టేసిందికీ బోరుకొచ్చిందికీ తేడా ఏమిటండి?

అమలాపురం నుంచి:

పట్టేసింది అంటే ఆయిలు లేకో, వేడెక్కో పిస్టను సిలిండరులో బిగుసుకుపోయి కదలకపోవడం. ఒక్క క్షణంలో జరిగేది. బోరుకొచ్చింది అంటే ఏళ్ల తరబడి అరిగి, సిలిండరు వదులై, పొగ కొడుతూ బలం తగ్గడం. మళ్లీ బోరు కొట్టించి పెద్ద పిస్టను వేయాలని దాని అర్థం. చూడండి, ఇక్కడ చేయాల్సిన పని పేరే జబ్బు పేరైంది, రిపేరొచ్చిందిలాగే. ఈ మాటలు ఎవరైనా కూర్చుని రాసి పెట్టాలి, అర్థంతో సహా.

రావులపాలెం నుంచి:

అందరికీ ధన్యవాదాలు అండి. "బాగుచేస్తాం" అనే రాయించాం, మావాడు ఒప్పుకున్నాడు, బోర్డాయనకీ నచ్చింది.

పి.గన్నవరం నుంచి:

ఆలస్యంగా చూశాను. మాది లంక. వరదొచ్చి వెళ్లాక మోటారు "నెమ్మెక్కింది" అంటాం. ఈ మాట మిగతాచోట్ల ఉందా? నెమ్మెక్కినదాన్ని ఎండలో పెడితే చాలంటారా?

అమలాపురం నుంచి:

నెమ్ము అన్నిచోట్లా ఉందండి, గోడకీ అంటాం, ఊపిరితిత్తులకీ అంటాం. మోటారుకి ఎండ ఒక్కటే చాలదు. ముందు విప్పి, ఒండ్రుమట్టి మంచినీళ్లతో కడిగి, బేరింగులు తీసి చూడాలి. తర్వాత ఆరబెట్టాలి, బల్బుల వేడిమీదైనా సరే. ఆరిందని చేత్తో తడిమి చెప్పకూడదు, మెగ్గరు (వైండింగ్ నుంచి బాడీకి కరెంటు లీకవకుండా ఎంత అడ్డు ఉందో మెగోముల్లో చూపే మీటరు) పెట్టి చూడాలి. మామూలు త్రీఫేజు మోటారుకి కనీసం ఒక మెగోమ్ పైన చూపించాలి, అది కూడా మర్నాడు మళ్లీ చూసినప్పుడు తగ్గకుండా ఉండాలి. అంతకుముందు స్విచ్చి మాత్రం వేయకండి, బాగున్న వైండింగ్ కూడా పోతుంది.