ఫెచ్‌లో కొత్తది ఏమీ రానప్పుడు జీసీ తనిఖీ అవసరమా?

కొండదారి:
కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో, సర్వర్ నుంచి కొత్తవి తెచ్చే ఫెచ్ కమాండ్ ముగియగానే ఆటో మెయింటెనెన్స్ మొదలవుతుంది: జీసీ, అంటే చెత్త ఊడ్చి డిస్క్‌ను సర్దే పని, అవసరమా అని చూస్తుంది. సర్వర్ నుంచి ఒక్క ఆబ్జెక్టు (గిట్ దాచుకునే డేటా ముక్క) రాకపోయినా సరే. రిపాజిటరీలో (ప్రాజెక్టు కోడ్, దాని చరిత్ర ఉండే చోట) మార్పే లేనప్పుడు కొత్తగా ఊడ్చడానికి ఏముంటుంది? ఏదైనా వస్తేనే ఆ పని చేయాలి, లేకపోతే దాటవేయాలి.

నిలకడ:
ఆ తనిఖీ ఎంత చిన్నదో తెలుసా అండీ? అది ఆబ్జెక్టులన్నీ లెక్కపెట్టదు. ఆబ్జెక్టుల డైరెక్టరీలో 17 అనే ఒక్క ఫోల్డర్ తెరిచి, అక్కడున్న ఫైళ్లను బట్టి మొత్తం అంచనా వేస్తుంది. డిఫాల్ట్ పరిమితి 6700. దాన్ని అలాంటి 256 ఫోల్డర్లకు పంచి పై అంకెకు సవరిస్తే ఒక్కోదానికి 27. అది దాటకపోతే, ప్యాకులు (చాలా ఆబ్జెక్టులను కలిపి ఉంచే ఫైళ్లు) 50 మించకపోతే అక్కడితో సరి.

కొండదారి:
ఒక రిపాజిటరీకైతే చిన్నదే. మా బిల్డ్ యంత్రం వందలాది రిపాజిటరీలకు వరుసగా ఫెచ్ చేస్తుంది. ప్రతిదానికీ అదనంగా ఒక ప్రాసెస్ పుట్టి, చూసి, పోతుంది. చాలాసార్లు వచ్చేది ఏమీ ఉండదు.

తెల్లకాగితం:
నో-ఆటో-మెయింటెనెన్స్ ఆప్షన్ పెట్టుకోండి.

కొండదారి:
అది తెలుసు. నేను అడుగుతున్నది డిఫాల్ట్ గురించి.

నిలకడ:
మీ వాదన మొదట్లోనే తప్పుతోంది. లూజ్ ఆబ్జెక్టులు, అంటే ప్యాక్‌లో చేరకుండా విడిగా ఉన్నవి, ఒక్క ఫెచ్ వల్లే పుట్టవు. యాడ్ కమాండ్‌తో చేర్చిన ప్రతి కొత్త ఫైలూ ఒక ఆబ్జెక్టు అవుతుంది, యాడ్ తర్వాత జీసీ నడవదు. ఆ పోగును చూసే అవకాశాల్లో ఫెచ్ ఒకటి. అది ఏం తెచ్చిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

వేకువ:
పాత వెర్షన్లలో ఇంకో బాధ ఉండేది. ఏ బ్రాంచీ నుంచీ చేరలేని ఆబ్జెక్టులకు రెండు వారాలు నిండకపోతే జీసీ వాటిని లూజ్‌గానే వదిలేసేది, పరిమితి కిందికి దిగేదే కాదు. గిట్ 2.41 నుంచి వాటిని క్రఫ్ట్ ప్యాక్ అనే వేరే ప్యాక్‌లో పెట్టడం డిఫాల్ట్ అయింది.

కొండదారి:
ఆ పాత వెర్షన్లతో నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. అందుకే అడుగుతున్నాను.

నిలకడ:
నా అవస్థ కూడా వినండి. మీలాగే వేగం కోరిన ఒకాయన మా జట్టు గిట్ కాన్ఫిగ్‌లో (సెట్టింగుల్లో) మెయింటెనెన్స్ ఆటోను ఆపేసి, ఎవరికీ చెప్పకుండా వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు. డిస్క్ నిండి బిల్డ్ ఆగింది. రాత్రంతా కూర్చుని శుభ్రం చేసింది నేను.

కొండదారి:
ఆయన చేసినదానికి నన్నెందుకు నిలదీస్తారు? పూర్తిగా ఆపమని నేను ఎక్కడన్నాను? ఫెచ్ పని తేవడం. నా డిస్క్‌ను ఎప్పుడు సర్దాలో నిర్ణయించేది నేను, ఆ కమాండ్ కాదు!

నిలకడ:
ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. మీరు నిర్ణయించుకోగలరు. జీసీ పేరే వినని వాళ్ల డిస్క్ సంగతి ఎవరు చూస్తారు? డిఫాల్ట్ ఉన్నది వాళ్ల కోసం.

వేకువ:
మెయింటెనెన్స్ స్టార్ట్ అన్న కమాండ్ ఇస్తే షెడ్యూల్ ఏర్పడుతుంది, ఆ రిపాజిటరీలో ఆటోను గిట్ తానే ఆపేస్తుంది. బాధ్యత తీసుకున్నవాళ్లకు నిర్ణయం వదిలేసినట్లే కదా?

కొండదారి:
ఎప్పుడూ ఉండే యంత్రానికి అది సరిపోతుంది. పని అయిపోగానే చెరిపేసే కంటైనర్‌లో షెడ్యూల్ ఎక్కడ నడుస్తుంది?

నిలకడ:
చెరిపేసే కంటైనర్‌లో సర్దడమే అక్కర్లేదు. ఆ కంటైనర్ తయారయ్యే ఇమేజ్ కాన్ఫిగ్‌లో ఆటోను ఆపేయండి, నేనూ అదే చేస్తాను. దానికోసం అందరి డిఫాల్ట్ మాత్రం కదపకండి.