కావలి–నెల్లూరు హైవేలో రాత్రి డ్రైవింగ్: మొన్న జస్ట్‌లో తప్పింది, నేనేం మార్చుకోవాలి?

కావలి కొత్త డ్రైవర్:
అందరికీ నమస్తే. మాది కావలి, ఉద్యోగం నెల్లూరులో. లైసెన్స్ వచ్చి ఎనిమిది నెలలు, సెకండ్ హ్యాండ్ కారు కొని నాలుగు నెలలు అయింది. అంతకుముందు రైల్లో పోయేవాడిని, ఇప్పుడు వారానికి మూడు నాలుగు రోజులు కారులోనే పోయి వస్తున్నా. మొన్న శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర టైములో ఇంటికి వస్తుంటే కొడవలూరు దాటాక ఎడమ లేన్లో ఒక ట్రాక్టరు, ట్రక్కు నిండా వరిగడ్డి, వెనకాల ఒక్క లైటు లేదు, రేడియం స్టిక్కర్ ఉన్నా అది గడ్డి కింద కప్పబడిపోయినట్టుంది. నేను 90లో ఉన్నా. ముందు ఏదో గోడలా కనపడింది, అది ట్రాక్టరు అని అర్థమయ్యేలోపు దాని మీదకి వచ్చేశా. స్టీరింగ్ కుడికి కోసేశా, వెనకాల బస్సు వాడు కొట్టిన హారన్ ఇంకా చెవుల్లోనే ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.
సంక్రాంతికి అమ్మానాన్నని, మా ఆవిడని, నాలుగేళ్ల పాపని ఎక్కించుకుని ఒంగోలు మీదుగా మార్కాపురం పోవాలి. అప్పటి నుంచి టెన్షన్‌గానే ఉంది. నిజంగా పనికొచ్చే అలవాట్లు ఏమన్నా ఉంటే చెప్పండి. "జాగ్రత్తగా నడుపు" అని మాత్రం చెప్పొద్దు, అది మా నాన్న రోజూ చెప్తాడు.

ఒంగోలు ట్యాక్సీ:
తమ్ముడూ, నేను ఇరవై రెండేళ్లుగా ఈ రోడ్డు మీదే తిరుగుతున్నా, అప్పట్లో దీన్ని 5వ నంబరు హైవే అనేవాళ్లం. ట్రాక్టరు వాడిది తప్పే, కాదనను. కానీ లైటు లేని ట్రాక్టరు, ఎడమ పక్కన ఆపేసిన లారీ, రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకు, ఈ మూడూ ఇక్కడ రోజూ ఉంటాయి అనుకునే నడపాలి. నా లెక్క ఒక్కటే, నా హెడ్‌లైటు ఎంతవరకు చూపిస్తుందో అంతలోపల నా బండి ఆగాలి. ఆగదంటే స్పీడు ఎక్కువైనట్టే. నీకు మొన్న జరిగింది అదే.
ఇంకోటి, ఊరు దగ్గర పడుతుంటే ఎడమ లేన్ మీద నమ్మకం పెట్టుకోవాకు. ఊళ్లో వాళ్లు ముందుకు పోయి తిరిగి రావడం ఎందుకని డివైడర్ గ్యాప్ దాకా రాంగ్ రూట్లోనే వస్తారు, అంచునే వస్తారు. ఆటో ఆపుకునేదీ అక్కడే. నేనైతే ఊరి బోర్డు కనపడగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి బ్రేకు మీద ఊరికే ఆనించి పెడతా. అరసెకను మిగిలినా మిగిలినట్టే.

లెక్కల పిచ్చోడు:
పైన అన్న చెప్పినదానికి లెక్క ఇస్తా, అందరికీ పనికొస్తుంది. 90 అంటే సెకనుకి 25 మీటర్లు. చీకట్లో అదేంటో చూసి, అర్థమై, కాలు బ్రేకు మీదకి పోవడానికి ఒకటిన్నర సెకను వేసుకోండి. అంటే బ్రేకు పడకముందే 37 మీటర్లు పోయింది. తర్వాత మంచి టైర్లు, పొడి రోడ్డు ఉంటే ఇంకో 45. మొత్తం 80 మీటర్ల పైమాటే. డిమ్ లైటులో మామూలు కారుకి స్పష్టంగా కనపడేది సుమారు 50 మీటర్లు. ఇక ఎలా ఆగుతుంది? అదే 60లో ఉంటే రెండూ కలిపి 45 మీటర్లలో ఆగుతుంది. స్పీడు రెట్టింపయితే బ్రేకు పడ్డాక పోయే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది, చాలామందికి తట్టనిది ఇదే.

నెల్లూరు బుల్లోడు:
హైవేలో 60 ఏందబ్బా, వెనక లారీ వాడొచ్చి లేపేస్తాడు. స్పీడు వల్ల కాదు, నడపడం రానోళ్ల వల్ల యాక్సిడెంట్లు అయ్యేది. నేను 120లో చెన్నై పోతా, ఇంతవరకు గీత పడలేదు.

ఒంగోలు ట్యాక్సీ:
గీత పడనోళ్లంతా అదే చెప్తారులే సామీ. నాలుగు లైన్ల హైవేలో కారుకి కేంద్రం పెట్టిన పరిమితే 100, అది పగలు, రోడ్డు ఖాళీగా ఉన్నప్పటి మాట. నీ మాటలో ఒకటి మాత్రం నిజం, అందరూ 80లో పోతుంటే ఒక్కడే 50లో పాకుతుంటే అదీ డేంజరే. అందుకని కావలి తమ్ముడికి చెప్పేది ఏందంటే, డివైడర్లో చెట్లు బాగా ఉన్నచోట, ముందు బండి లేనప్పుడు హై బీమ్ వెయ్యి, దూరం కనపడుతుంది కాబట్టి 80 దాకా పోవచ్చు. ఎదురుగా గానీ ముందు గానీ బండి కనపడగానే డిప్ చెయ్యి, స్పీడూ తగ్గించు. లేదంటే మంచి లైట్లున్న బస్సు ఒకటి చూసుకుని మూడు సెకన్ల దూరంలో దాని వెనకే పో. ఆ బస్సు వాడు నీ బదులు రోడ్డు చూసి పెడతాడు, వాడు బ్రేకు కొట్టినా, లేన్ మారినా నీకు ముందే తెలుస్తుంది. మూడు సెకన్లు ఎట్లా అంటే, బస్సు ఏదన్నా స్తంభం దాటగానే వెయ్యిన్నొకటి, వెయ్యిన్నొకటి, వెయ్యిన్నొకటి అని మూడుసార్లు అనుకో. అది పూర్తికాకముందే ఆ స్తంభం నీకొచ్చిందంటే దగ్గరగా ఉన్నట్టు. వానలో దాన్ని డబల్ చెయ్యి. మధ్యలో ఎవడో దూరతాడు, దూరనీ, మళ్లీ వెనక్కి జరుగు.

పొదిలి టీచరమ్మ:
మీరంతా నాలుగు లైన్ల రోడ్డు గురించే మాట్లాడుతున్నారు, బాబు పోవాల్సింది మార్కాపురం. ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి మీదుగా వచ్చే దారిలో చాలా దూరం మధ్యలో డివైడర్ ఉండదు, ఓవర్‌టేక్ అంటే ఎదురొచ్చేవాడి దారిలోకి పోవడమే. నేను ఏడేళ్లుగా ఈ దారిలో స్కూలుకి కారులో తిరుగుతున్నా. చీమకుర్తి దగ్గర గ్రానైట్ రాళ్ల లారీలు తగులుతాయి, వాటి వెనక అంటుకుని పోతే ముందు ఏమీ కనపడదు. నేను బాగా వెనక్కి ఆగుతా, అప్పుడే లారీ పక్కనుంచి ఎదుటి రోడ్డు కనపడుతుంది. లారీ అద్దంలో డ్రైవర్ మొహం నాకు కనపడకపోతే నేనూ అతనికి కనపడనట్టే లెక్క.
ముఖ్యంగా ఈ ఇండికేటర్ల గొడవ. లారీ వాళ్లు కుడి ఇండికేటర్ వేస్తే కొందరి ఉద్దేశం "ముందు ఖాళీగా ఉంది, నువ్వు పో" అని, కొందరిది "నేను కుడికి తిరుగుతున్నా" అని. రెండూ ఒకే లైటు! అందుకని ఆ సైగ నమ్మి నేనెప్పుడూ దాటను, నా కళ్లతో చూస్తేనే. ఎదురొచ్చేవాడు హెడ్‌లైటు కొట్టాడంటే దారిచ్చాడని కాదు, "నేను వస్తున్నా, నువ్వాగు" అని. గేదెల మంద వస్తే ఒకటి దాటింది కదా అని సందులో దూరొద్దు, మిగతావీ దాని వెంటే వస్తాయి. వడ్లూ కందులూ రోడ్డు మీద ఆరబోసే కాలంలో అయితే సగం రోడ్డు కల్లమే, చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రి ఆ రాళ్లే కొంపముంచేది.
బెల్టు సంగతి ఎవరూ అనలేదేం? వెనక కూర్చునే అమ్మకీ నాన్నకీ కూడా పెట్టించు. మా అత్తగారు మొదట్లో "ఊపిరాడట్లేదు" అని సాధించింది, అయితే బండి కదలదని నేను గమ్మున కూర్చున్నా, పది నిమిషాలకి ఆమే పెట్టుకుంది. వెనకవాళ్లు బెల్టు లేకపోతే గుద్దుకున్నప్పుడు ఎగిరొచ్చి ముందువాళ్ల మీదే పడతారు. పాపని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అస్సలొద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే పిల్లకే మొదటి దెబ్బ. చైల్డ్ సీటు కొని వెనక బిగించు. 14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టో ఆ సీటో లేకపోతే చట్టంలో 1000 రూపాయల జరిమానా కూడా ఉంది, అయినా ఇది జరిమానా కోసం కాదులే.

టైర్ల షాపు భాయ్:
సెకండ్ హ్యాండ్ కారు అన్నావు కాబట్టి అడుగుతున్నా, టైర్ల వయసు చూశావా? టైరు పక్కన డీఓటీ అని ఉంటుంది, దాని చివర నాలుగు అంకెలు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాట్లు బాగానే ఉన్నాయి కదా అని మా దగ్గరికి పదేళ్ల టైర్లతో వస్తారు, రబ్బరు గట్టిపడి సన్న పగుళ్లు పడి ఉంటాయి, ఎండాకాలం హైవేలో పేలేవి ఎక్కువ అవే. గాలి కూడా డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఎంతుందో అంతే, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు పెట్టించు. ఐదుగురు, సామాను అంటే ఫుల్ లోడుకి వేరే నంబరు ఉంటుంది, అది చూడు. గాలి తక్కువైతే టైరు వేడెక్కి పేలుతుంది, ఎక్కువైతేనే పేలుతుందని చాలామంది పొరపాటు పడతారు.
స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది, చాలామంది దాన్ని జన్మలో తిప్పరు. వెనక బరువు పడితే ముందు లైట్లు పైకి లేస్తాయి, దాన్ని తిప్పితే కిందకి దిగుతాయి, ఎదుటివాడి కళ్లలో కొట్టవు. అద్దం లోపలి వైపు కూడా తుడువు, ఆ మసక వల్లే రాత్రి ఎదుటి లైటు అద్దమంతా పరుచుకునేది.

ఒంగోలు ట్యాక్సీ:
నిద్ర సంగతి మర్చిపోయా. తెల్లారుజామున రెండు నుంచి ఐదు, మధ్యాహ్నం భోజనం తర్వాత, ఈ రెండు టైముల్లో ఎంత మొనగాడికైనా కళ్లు మూతపడతాయి. కిటికీ దించడం, పాటలు గట్టిగా పెట్టడం ఇవన్నీ ఐదు నిమిషాల ముచ్చట. గత కిలోమీటరు ఎట్లా వచ్చావో గుర్తు లేదంటే ఇక ఆపెయ్యాల్సిందే, బంకులోనో ధాబా దగ్గరో కాఫీ తాగి ఇరవై నిమిషాలు కునుకు తియ్యి. రోడ్డు పక్క షోల్డర్ మీద మాత్రం ఆపి పడుకోవాకు. బండి చెడి ఆగినా ఫోర్ ఇండికేటర్స్ వేసి, ట్రయాంగిల్ బాగా వెనక పెట్టి, అందరినీ దించి రెయిలింగ్ అవతల నిలబెట్టి హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చెయ్యి.

కావలి కొత్త డ్రైవర్:
అందరికీ థ్యాంక్స్. నిన్న 65, 70లో వచ్చా, మామూలు కంటే తొమ్మిది నిమిషాలు లేటు, అంతే. మూడు సెకన్ల లెక్క పెడితే నేను ఇన్నాళ్లూ ఒక సెకను దూరంలో పోతున్నానని తెలిసింది, సిగ్గేసింది. టీచరమ్మ చెప్పినట్టు మా అమ్మకి బెల్టు గురించి చెప్తే "మార్కాపురం ఎంత దూరమని" అంటోంది, చూడాలి. పొద్దున టైర్లు చూశా, ముందువి రెండూ 1121, వెనకవి రెండూ 4014. అమ్మినాయన కొత్త టైర్లు అన్నాడు మరి!

టైర్ల షాపు భాయ్:
ముందు రెండు చూపించి అమ్మేశాడన్నమాట. ఆ వెనకవి సంక్రాంతి దాకా ఆగొద్దు, ఈ వారమే మార్చెయ్యి. స్టెప్నీ మీద ఎంతుందో కూడా చూడు.