బరంపురంలో కారు లేకుండా ఆదివారాలు

నమస్కారమండీ. మావారి బదిలీ మీద ఈమధ్యే రాజమండ్రి నుంచి బరంపురం వచ్చాం. బాబు ఒకటో క్లాసు, పాపకి మూడేళ్లు, మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మాకున్నది స్కూటీ ఒక్కటే. ఆదివారం హోటలూ సినిమా అంటే ఎంత లేదన్నా వెయ్యి, పదిహేను వందలు ఎగిరిపోతున్నాయి. పిల్లలు కాస్త గాలికి, వెలుతురుకి తిరిగే చోట్లు తక్కువ ఖర్చులో ఏమున్నాయో చెప్పగలరా? నాకు ఒడియా ఒక్క ముక్క రాదు.

బరంపురం నుంచి:

భాష గురించి టెన్షన్ పడకమ్మా. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. బజారులో సగం బేరాలు ఇప్పటికీ తెలుగులోనే సాగుతాయి. గోపాలపూర్ ఒడ్డున వలలు బాగుచేసుకునే నోలియాల ఇంటిభాష కూడా తెలుగే.

ముందు అక్కడికే వెళ్లండి. పదహారు కిలోమీటర్లు, బస్సులున్నాయి. అయితే అందరిలా ఆదివారం సాయంత్రం పోవద్దు. జనం తోసుకోవడం తప్ప సముద్రం కనపడదు. పొద్దున్నే వెళ్లండి. వేటకి పోయిన పడవలు కెరటాల మీద ఎగిరెగిరి వచ్చి ఇసుకలో ఆగుతాయి. పడవని పైకి లాగడానికి ఒడ్డునున్న నలుగురూ ఓ చెయ్యి వేస్తారు. వల దులుపుతుంటే కానాగంతలు, కవళ్లు, మధ్యలో పనికిరాని చిన్న పీతలు రాలతాయి. ఆ పీతల వెనకాల పరుగెత్తడంతోనే మీ బాబుకి రెండు గంటలు గడిచిపోతాయి. పైసా ఖర్చు లేదు. చేప కొనాలనుకుంటే అక్కడే బేరమాడుకోవచ్చు. అత్తగారికి ఒడ్డు వెంట కూర్చోడానికి చోటుంది, లైట్‌హౌస్ మెట్లు మాత్రం ఆవిడ వల్ల కాదు.

ఒక్కటే హెచ్చరిక. గోపాలపూర్ సముద్రం స్నానాల సముద్రం కాదు. ఒడ్డు దిగగానే లోతు, పైగా లాగేస్తుంది. ఏటా ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. పిల్లల పాదాలు తడిస్తే చాలు. నోలియా వద్దంటే వద్దంతే. అక్టోబరులో వెళ్తే ముందు వాతావరణం వార్త చూసుకోండి. 2013లో ఫైలిన్ తుపాను తీరం దాటింది ఇక్కడే.

ఇక రైలు. నా లెక్కలో మన ఊరి నుంచి అన్నిటికన్నా చవకైన షికారు ఇదే, ఎవరూ దీన్ని షికారు కింద లెక్కెయ్యరు గానీ. భువనేశ్వర్ వైపు పోయే ప్యాసింజర్‌లో బాలుగావ్‌కి జనరల్ టికెట్ తీసుకుని కుడి పక్క కిటికీ పట్టండి. రంభ దాటాక పట్టాలు చిలికా సరస్సు పక్కనే పోతాయి. ఒక పక్క కొండలు, ఒక పక్క నీళ్లు, మధ్యలో మనం. ఐదేళ్లలోపు పిల్లలకి టికెట్టే లేదు. చలికాలమైతే కిటికీలోంచే పక్షులు కనిపిస్తాయి. బాలుగావ్‌లో దిగి భోజనం చేసి తిరుగు బండి ఎక్కెయ్యండి. వచ్చే బండి వేళ మాత్రం వెళ్లేముందే చూసుకోవాలి. పడవ ఎక్కాలని పిల్లలు గొడవ చేస్తే రంభలో దిగడం మేలు, అక్కడి నుంచి దీవులు దగ్గర. పడవ మొత్తానికి కలిపి రేటు చెప్తారు కాబట్టి ఇంకో కుటుంబాన్ని తోడు తీసుకెళ్తే సగంలో పోతుంది. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకండి.

మామూలు సాయంత్రాలకి ఊళ్లో రామలింగం చెరువు పార్కు ఉంది. గొప్పగా ఊహించుకోవద్దు, పిల్లలు పరుగెత్తడానికి సరిపోతుంది. కానీ కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున మాత్రం ఏ చెరువు దగ్గరికైనా వాళ్లని లేపి తీసుకెళ్లండి. అరటి దొప్పలతో చేసిన చిన్న చిన్న పడవల్లో దీపం, తాంబూలం పెట్టి వదులుతారు. మీరూ ఒకటి చేసుకెళ్లండి. ఎవరూ పరాయివాళ్లలా చూడరు.

తప్తపాని అని అందరూ చెప్తారు. యాభై కిలోమీటర్లు పోయి గంధకం వాసన వేడినీళ్లు చూసి రావడం మీ పాపకి ఎక్కదు. వదిలెయ్యండి.

ఛత్రపూర్ నుంచి:

పైవారు చెప్పినవన్నీ నిజమే, తప్తపాని మాట ఒక్కటి తప్ప. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడని ఆ వేడినీళ్ల దగ్గరికి తీసుకెళ్లకపోతే ఎవర్ని తీసుకెళ్తారండీ? జనవరి చలిలో వెళ్లి చూడండి, ఆవిడే మళ్లీ ఎప్పుడని అడుగుతారు. కాకపోతే డిసెంబరు ఆఖరు నుంచి ఆదివారాలు బొణభోజి, అంటే వనభోజనాల జనం, మైకుల మోత. అందుకని మామూలు రోజు చూసుకోండి. చంద్రగిరి టిబెటన్ల ఊరూ, జిరంగ బౌద్ధ విహారమూ అదే దారిలో ఇంకా పైకి. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించిన విహారం అది, ప్రవేశానికి డబ్బులు అడగరు. ఘాట్ మలుపుల్లో పిల్లలకి వాంతులవుతాయి కనుక పొద్దున ఇడ్లీ మించి పెట్టొద్దు. రెండు కుటుంబాలు కలిసి ఒక బండి మాట్లాడుకుంటేనే గిట్టుబాటు.

మా ఊరి తంపర చెరువుని ఎవరూ చెప్పలేదేం? మంచినీటి సరస్సు, ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి కూడా ఎక్కింది. పడవలున్నాయి, అలలు లేని నీళ్లు కనుక గోపాలపూర్ అంత భయం అక్కర్లేదు. ఛత్రపూర్‌కి రైలూ ఉంది, బస్సులూ ఉన్నాయి. పులిహోర కట్టుకెళ్లి గట్టున తినండి. ఆకులు, ప్లాస్టిక్ కవర్లు మాత్రం అక్కడ వదలకండి, మన తెలుగువాళ్ల మీద ఇప్పటికే ఆ పేరుంది.

ఫిబ్రవరి, మార్చిల్లో ఋషికుల్య ఏరు సముద్రంలో కలిసే చోట తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 2023లో ఆరు లక్షలు దాటాయి. అన్ని ఏళ్లూ ఒకేలా రావు, అటవీశాఖవాళ్లు ఎంతవరకు రానిస్తే అంతవరకే. టార్చిలైట్లు, ఫోను లైట్లు వెయ్యకూడదు. చిన్నపిల్లల్ని తెచ్చేవాళ్లకి నేను చెప్పేది, గుడ్లు పగిలి పిల్లలు వచ్చే రోజుల కోసం ఆగమని. అది దాదాపు నెలన్నర తర్వాత. అరచేతిలో పట్టేంత తాబేళ్లు నీళ్ల వైపు పాకుతుంటే మూడేళ్ల పాపకైనా అర్థమవుతుంది.

పురుషోత్తంపూర్ వైపు బడిలో పనిచేసేవాణ్ణి:

తారాతారిణి అమ్మవార్ల గుడి ఉన్న కొండకి 999 మెట్లు, కానీ రోప్‌వే ఉంది కాబట్టి అత్తగారు హాయిగా రావచ్చు. పైనుంచి ఋషికుల్య వంపు తిరగడం కనిపిస్తుంది. పాపకి పుట్టువెంట్రుకలు తియ్యకపోయుంటే ఇక్కడే ఇవ్వచ్చు, చాలామంది ఒడియావాళ్లు అలాగే చేస్తారు. అదేం లేకపోతే చైత్ర మంగళవారాలు ఇటు రావద్దు, నిలబడ్డానికి చోటుండదు.

అక్కడి నుంచి ఆటో మాట్లాడుకుంటే జౌగడ దగ్గరే. అశోకుడి శాసనాలు రాతి మీద ఉన్నాయి. కళింగ యుద్ధంలో ఎంతమంది చనిపోయారో చెప్పే పదమూడో శాసనం మాత్రం ఇక్కడ చెక్కించలేదు. ఓడిన జనం ఇక్కడివాళ్లే కదా. దాని బదులు, జనమంతా నా బిడ్డలే అని వేరే శాసనం చెక్కించాడు. బాబుకి ఈ కథ దారిలోనే చెప్పి తీసుకెళ్తే రాయిని చూస్తాడు, లేకపోతే మేకల్ని చూస్తాడు.

మరోమాట, హైవే మీద లారీలు ఎక్కువ. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని స్కూటీ మీద ఇంతదూరం వద్దు. బరంపురం నుంచి పురుషోత్తంపూర్ బస్సెక్కండి. జింకలంటే ఇష్టమైతే అస్కా దాటి భేట్నోయి వైపు పొలాల్లో కృష్ణజింకలు తిరుగుతాయి. అవి వస్తే వాన వస్తుందని ఊళ్లవాళ్ల నమ్మకం, పంట మేసినా కొట్టరు. టికెట్టూ కంచే లేవు, పొద్దున్నే రోడ్డు మీద నిలబడి చూడ్డమే. పొలంలోకి దిగొద్దని పిల్లలకి ముందే చెప్పండి.