ఇరిడియం వేస్తే కీటోరిడక్టేజ్ చచ్చిపోతోంది, ప్రోటీన్‌లో దాస్తే బతుకుతుందా?

ప్రశ్న (పీహెచ్‌డీ_రెండోఏడు):
కీటోరిడక్టేజ్ అనే ఎంజైమ్‌తో ఒక కీటోన్‌ని ఆల్కహాల్‌గా మారుస్తున్నా. ప్రతి అణువుకీ ఒక ఎన్ఏడీహెచ్ (హైడ్రోజన్ అందించే సహాయక అణువు, అంటే కోఫాక్టర్) ఖర్చవుతుంది, అంత కొంటే మా గైడ్ గారి గ్రాంటు రెండు నెలల్లో ఖాళీ. అందుకే ఫార్మేట్ (హైడ్రోజన్ ఇచ్చే లవణం), ఇరిడియం అనే లోహపు కాంప్లెక్స్ వేసి, వాడేసిన ఎన్ఏడీని అదే గిన్నెలో మళ్ళీ ఎన్ఏడీహెచ్ చేద్దామనుకున్నా. మొదటి గంట బాగానే నడిచింది, తర్వాత ఎంజైమూ పడుకుంది, ఇరిడియమూ పడుకుంది. లోహాన్ని ప్రోటీన్‌లో పెట్టే కృత్రిమ ఎంజైములు నిజంగా పనిచేస్తాయా, పేపర్ల వరకేనా?

బెంచ్_బాబాయ్:
పనిచేస్తాయి. ఎంజైమ్ మీదున్న సిస్టీన్, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు ఇరిడియాన్ని పట్టేసుకుంటాయి, దాంతో రెండూ పోతాయి. బాసెల్‌లో థామస్ వార్డ్ గ్రూపు ఇరిడియానికి బయోటిన్ అనే విటమిన్ తోక తగిలించి, బయోటిన్‌ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ గుంటలో కూర్చోబెట్టింది. 2013లో దాన్ని మోనోఅమీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌తో ఒకే గిన్నెలో నడిపారు. బయోటిన్ ఆలోచన పాతదేలే, విల్సన్, వైట్‌సైడ్స్ 1978లోనే ఎవిడిన్ అనే అలాంటి ప్రోటీన్‌లో రోడియం లోహాన్ని పెట్టారు.

స్ట్రెప్టావిడిన్ ఒక్కోదానికీ నాలుగు గుంటలుంటాయి, నాలుగూ నింపకు. గుంటలు మిగిలేలా ప్రోటీన్ ఎక్కువ వెయ్యి, లేకపోతే బయట తిరిగే ఇరిడియంతో మళ్ళీ అదే గోల.

ఆరెంజ్_క్యాప్:
ముందు ఇది చెప్పు తమ్ముడూ, నీ ఎంజైమ్‌కి హిస్ ట్యాగ్ (శుద్ధి కోసం తగిలించే హిస్టిడిన్ల తోక) ఉందా? బఫర్‌లో డీటీటీ (ఇరిడియాన్ని పట్టేసే సల్ఫర్ రసాయనం) ఉందా? శుద్ధి చేయని లైసేట్ (కణాలు పగలగొట్టిన రసం) అయితే అందులో గ్లూటాథయోన్ అనే సల్ఫర్ అణువు కూడా ఉంటుంది, ఇరిడియానికి అది విషం. స్ట్రెప్టావిడిన్‌లో పెట్టినా గ్లూటాథయోన్ లాంటి చిన్న అణువు గుంటలోకి దూరుతుంది. డయమైడ్ అనే ఆక్సీకారిణి వేస్తే గ్లూటాథయోన్ ఆక్సీకరణం చెంది ఆ బెడద తగ్గుతుంది.

ప్లాంట్_మనిషి:
నాది వేరే మాట. మామూలు ఎన్ఏడీహెచ్ కోసమైతే గ్లూకోజ్‌తో ఎన్ఏడీహెచ్‌ని తిరిగి చేసే ఎంజైమ్, గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్ వేసి, చెంచాడు గ్లూకోజ్ పోసి, ఇంటికెళ్ళు. గ్లూకోనిక్ ఆమ్లం వచ్చి పీహెచ్ పడిపోతుంటుంది, క్షారం చుక్కలు చుక్కలుగా పోస్తుండాలి, అంతే కష్టం. ఇరిడియం ధర చూశావా? ఎన్ఏడీహెచ్ బదులు చవకైన నకలు కోఫాక్టర్లు వాడితే మాత్రం కథ వేరు, వాటిని మామూలు డీహైడ్రోజినేజ్‌లు సరిగా పట్టించుకోవు. వార్డ్ గ్రూపే 2016లో ఈన్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ పక్కన ఆ నకళ్ళను రీసైకిల్ చేసి చూపించింది. నీ కీటోరిడక్టేజ్ నకలుతో నడుస్తుందో లేదో ముందు చూసుకో.

పీహెచ్‌డీ_రెండోఏడు:
హిస్ ట్యాగ్ ఉంది. డీటీటీ కూడా ఉంది, ఎంజైమ్ నిల్వ బఫర్‌లోంచే నేరుగా పోశాను. ఎవరూ నవ్వకండి. రేపు డీసాల్టింగ్ కాలమ్ వేసి డీటీటీ తీసేసి, పక్కన గ్లూకోజ్ గొట్టం కూడా పెడతా.